నాన్న నేర్చుకున్న రొట్టె

మా నాన్న పేరు సాలొమోను. దోణిమలై ఇనుప గనిలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాడు. హెల్పరుగా చేరి, రాయి తవ్వే పెద్ద యంత్రాలను బాగుచేసే మెకానిక్కుగా రిటైరయ్యాడు. ఆయన తెల్లచొక్కాలు కూడా తెల్లగా ఉండేవి కావు. గని ఎర్రమట్టి కాలరు మడతలో చేరిందంటే మా అమ్మ జయశీల ఎంత రుద్దినా పోయేది కాదు. కొండ మీద కంపెనీ ఇచ్చిన క్వార్టర్లో నేను పుట్టి పెరిగాను. నా పేరు క్రిస్టీ. ఇప్పుడు బళ్ళారిలో ఒక ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంటాను.

నాన్న ఇంట్లో గని గురించి ఎక్కువ మాట్లాడేవాడు కాదు. రొట్టె గురించి మాట్లాడేవాడు. సిరుగుప్ప తాలూకా దేశనూరులో వాళ్ళమ్మ, అంటే మా అవ్వ, చేసిన జొన్నరొట్టె. షిఫ్టు ముగించుకొని వచ్చి, స్నానం చేసి, అమ్మ పెట్టిన అన్నంలో సాంబారు కలుపుకుంటూ మొదలుపెట్టేవాడు.

"పెంకు మీంద నుంచి దింపితే పూరీ మాదిరి పొంగి ఉంటాండె పాపా. మా అమ్మ దాన్ని ఏలితో పొడిస్తే బుస్సుమని ఆవిరి వస్తాండె. ఆ బొక్కలో కుసుమ నూనె ఒక్క చుక్క పోసి, గురెళ్ళ కారం వేసి ఇస్తాండె. ఎర్రగడ్డను గుద్ది పగలగొట్టుకుంటే సాలు. ఇంకేం కావల్ల మనిషికి?"

అమ్మ ఇంకో గరిటె అన్నం వేసేది.

ఆ రొట్టె నాకూ కొంచెం గుర్తుంది. వేసవి సెలవుల్లో దేశనూరు పోయేవాళ్ళం. మట్టిమిద్దె ఇల్లు. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా ఉండేది. పిండి వాసన, పొగ వాసన గోడల్లోకి ఇంకిపోయి ఉండేవి. అవ్వ రొట్టె తట్టే చప్పుడు మా క్రైస్తవుల వీధి చివరిదాకా వినిపించేది. మొదటి రొట్టె నాకే. వేడికి చేతిలో పట్టుకోలేక గౌను ఒడిలో వేసుకొని, పరుగెత్తుకుంటూ పోయి చర్చి మెట్ల మీద కూర్చొని తినేదాన్ని. నేను ఏడో తరగతిలో ఉండగా అవ్వ పోయింది. తర్వాత ఆ ఇంటికి తాళం పడింది.

నాన్నకు యాభై రెండేళ్ళప్పుడు షుగరు బయటపడింది. డాక్టరు మాత్రలు రాసి, అన్నం తగ్గించమన్నాడు. అప్పటి నుంచి ఆయనకు ఫోన్లో సిరిధాన్యాల వీడియోలు చూడటం పట్టుకుంది. మందులు వేయని పంట, పాతకాలం తిండి, రోలు, రాగిచెంబు. ఒక్కో వీడియో చూసి నాకు పంపేవాడు. నేను చూశానో లేదో కనుక్కోవడానికి మళ్ళీ ఫోన్ చేసేవాడు.

ఒకసారి బళ్ళారికి వచ్చినప్పుడు నన్ను వెంటబెట్టుకొని ఆర్గానిక్ అంగడికి పోయాడు. అద్దాల తలుపు, లోపల ఏసీ, గుడ్డసంచుల్లో కొర్రలు, సామలు. నాన్న ఒక కొర్రల సంచీ చేతిలోకి తీసుకొని వెల చూశాడు. తిప్పి వెనకవైపు చదివాడు. ఎక్కడో ఆరువందల కిలోమీటర్ల అవతల ప్యాక్ చేసింది. దాన్ని మెల్లగా దాని చోట్లోనే పెట్టేసి బయటికి వచ్చాడు.

"కొర్రన్నం తిని పెరిగినోన్ని. కొర్రలు కొనే తాకత్తు లేకపాయనే పాపా," అన్నాడు. నవ్వబోయాడు గాని నవ్వు సరిగ్గా రాలేదు.

ఆ అంగడి నాకూ అందదు. అద్దె, స్కూటీ కంతు పోయాక నా జీతం ఎంతని? నెలకోసారి అక్కడ అరకిలో బెల్లం మాత్రం కొంటాను, ఏదో మంచిపని చేసినట్టు.

ఆ రోజే నాన్న మనసులో నిర్ణయం అయిపోయిందనుకుంటా. దేశనూరులో తాత వదిలిపోయిన ఒకటిన్నర ఎకరం ఉంది. కాలువ నీళ్ళు ఎక్కని మిట్ట, నల్లరేగడి. ఏళ్ళ తరబడి పక్కపొలం రామసుబ్బన్న కౌలుకు చేసుకుంటున్నాడు. రిటైరవగానే ఆ భూమిలో మందు చుక్క పడకుండా జొన్న పండించాలి, పాత ఇంట్లో పాత తిండి తిని బతకాలి. ఇదీ ఆయన లెక్క. అమ్మను అడిగాడా అంటే, అమ్మకు చెప్పాడు.

మూడేళ్ళ క్రితం జూన్‌లో క్వార్టరు ఖాళీ చేశారు. అమ్మకు ఆ ఉదయం స్త్రీల సమాజం వాళ్ళు వీడ్కోలు ప్రార్థన పెట్టుకున్నారు. అది ముగించుకొని ఆమె బస్సులో వచ్చింది. సామాను ఎక్కించి లారీతో వచ్చింది నాన్నే. నేను దేశనూరులో ఇల్లు ఊడ్చి, అలికి ఎదురుచూస్తున్నాను. సాయంత్రం నాలుగింటికి లారీ ఆగింది. మంచాలు దిగాయి, బీరువా దిగింది, నాన్న పానాల పెట్టె దిగింది. అమ్మ లారీ చుట్టూ ఒకసారి తిరిగి చూసింది.

"ఫ్రిజ్ యాడ?"

నాన్న తాడు చుడుతున్నాడు. "పక్క క్వార్టరు సిద్ధేశ్‌కు ఇచ్చేసినా. చిన్నపిల్లోల్లు ఉండారు, వానింట్లో లేదు గదా."

"మిక్సీ?"

"అదీ వానికే. మనకు ఈడ రోలుండాది, తిరగలి ఉండాది. ఫ్రిజ్జులో పెట్టిన తిండే అన్ని జబ్బులకు మూలం జయా. ఏ పూటకాపూట చేసుకుంటే…"

"గ్యాస్?"

"గ్యాస్ నీ పేరు మీంద ఉండాది కదా," అన్నాడు నాన్న గొంతు తగ్గించి. "దాన్ని ఎట్ల ఇచ్చేది?"

కొట్లాట తప్పదనుకున్నాను. అమ్మ అరుగు మీద కూర్చొని చెప్పుల దుమ్ము దులుపుకుంది.

"ఇది నీ ఆశ. ఉండనీ, వద్దనను. కాని నీ ఆశకు నా రెక్కలు అరగదీసుకునేకి నాతో కాదు. నీకు రొట్టె కావల్లంటే పిండి నువ్వే ఇసురుకో, నువ్వే తట్టుకో. నేను పక్కన కూర్చోని చెప్తా. చెయ్యి మాత్రం పెట్టను."

"ఓస్, ఇంతేనా!" అన్నాడు నాన్న.

ఆ సాయంత్రం ఇద్దరం పెరట్లో గిన్నెలు తోముతుంటే అడిగాను, అంత కోపం ఎందుకమ్మా అని. అమ్మ పందొమ్మిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. నాన్నకు క్వార్టరు దొరికేదాకా రెండేళ్ళు అత్తతో అక్కడే ఉంది. తెల్లవారుజామున తిరగలి, తర్వాత హగరి ఏటి ఇసుకలో చెలిమ తోడి నీళ్ళు, తర్వాత పేడకళ్ళు. నాన్నకు గుర్తున్న రొట్టె వెనక ఇదంతా ఉంది. ఆయన తినేవాడే గాని ఇది చూడలేదు.

"నాకూ గుర్తుకొచ్చేటివి ఉండాయి పాపా," అంది అమ్మ. "దోణిమలైలో గ్యాస్ వచ్చిన దినం. పుల్ల గీస్తానే నీలం మంట. పొగ లేదు, ఊదేది లేదు. కుక్కరు పెట్టి, కిటికీ కాడ కుర్చీ వేసుకోని కూర్చుంటి. కొండ మీంద మబ్బు దిగుతాండె. పనిలేక కూర్చోని మబ్బును చూసింది నా జన్మలో అదే మొదలు. ఆ కిటికీ వదిలిపెట్టి వచ్చేకి నాకెంత కష్టమాయనో మీ నాయనకు తెల్దు."

ఆ మబ్బు నాకూ తెలుసు. వానాకాలం పొద్దున బడికి పోతుంటే పది అడుగుల అవతల ఏముందో కనిపించేది కాదు. గని సైరను వినిపించేది, అమ్మ కుక్కరు విజిలు వినిపించేది. నాన్న దేశనూరును తలుచుకున్నట్టు అమ్మ ఆ కొండను తలుచుకుంటుందని నాకు అప్పటిదాకా తట్టలేదు.

తర్వాతి ఆదివారం నేను పోయేసరికి తిరగలి నడవలోకి వచ్చింది. నాన్న మెకానిక్కు బుద్ధి పోదు కదా. రాళ్ళకు గంట్లు అరిగిపోయాయని ఉలి తెచ్చి తానే కొట్టుకున్నాడు. కొయ్యపిడి మార్చాడు. లుంగీ పైకి కట్టి, కాళ్ళు చాపుకొని మొదలుపెట్టాడు. కుడిచేత్తో పదిసార్లు, ఎడమచేత్తో పదిసార్లు, తర్వాత రెండు చేతులతో. అరగంటకు రెండు గుప్పిళ్ళ పిండి వచ్చింది, అదీ రవ్వ రవ్వగా. బనీను తడిసి వీపుకు అంటుకుపోయింది.

అమ్మ పీట మీద కూర్చొని గనిలో ఫోర్‌మన్ మాదిరి హుకుములిచ్చింది.

"నీళ్ళు బాగా మసలల్ల. ఇప్పుడు పిండిలో పొయ్యి. గరిటెతో కలుపు, చెయ్యి కాల్తాది. అరచెయ్యి మడిమెతో తొయ్యి, ఇంకా గట్టిగా. బోల్టు బిగిస్తాండావా ఏమి, అంత కొసకు పట్టుకుంటావు?"

మొదటి రొట్టె పీట మీద నుంచి ఎత్తేటప్పుడే మూడు ముక్కలైంది. రెండోది పెనం మీద విరిగింది. నాలుగోది మాత్రం ఒక్కటిగా ఉంది, ఒక అంచు మందం, ఒక అంచు పలచన. నాన్న ముక్కలన్నీ ఏరుకొని గురెళ్ళ కారంతో, అంటే వెర్రినువ్వుల పొడితో, తిన్నాడు. తింటూ తింటూ అన్నాడు, "మా అమ్మ పాట పాడుకుంటా ఇసురుతాండె. ఎంత సులువుగా ఇసురుతాండె!"

అమ్మ పొయ్యిలో కట్టె లోపలికి తోసింది.

"సులువుగా ఉండి పాడలేదయ్యా. పాడకపోతే నిద్రొచ్చి రాతి మీంద పడతానని పాడేదాన్ని అని నాతో చెప్పింది అత్త. ఒకసారి పడింది కూడా. నుదురు మీంద గాటు ఉండె గదా, అదేందనుకుంటివి?"

నాన్న చేతిలో ముక్క అట్లే ఆగిపోయింది. "ఎనుము పొడిచిందని చెప్పె మాకు."

"మీకేం చెప్తాది మల్ల?"

నాన్న తిరగలి పక్కనే చాలాసేపు కూర్చున్నాడు. మరుసటి పొద్దున జొన్నల సంచీ సైకిలు మీద వేసుకొని, పిండి పట్టించడానికి ఊళ్ళో గిర్నికి పోయాడని అమ్మ ఫోన్లో చెప్పింది. తిరగలి మళ్ళీ కొట్టంలోకి పోయింది. రొట్టె తట్టడం మాత్రం మానలేదు. రోజూ సాయంత్రం తానే తట్టేవాడు. నెల తిరిగేసరికి గుండ్రంగా వచ్చింది. రెండో నెలలో ఒక రొట్టె పొంగింది. దాని ఫోటో తీసి నాకు పంపాడు.

అక్టోబరులో చేను మొదలైంది. మా వైపు వానలు వెనకబట్టాక, నేలలోని తేమతో పండే పంటను హింగారి అంటారు. హింగారి జొన్నకు ఎరువు, నీళ్ళు పెద్దగా అక్కర్లేదు. నాన్న ఎద్దులతోనే దున్నాలనుకున్నాడు. వారం రోజులు తిరిగితే ఊళ్ళో దొరికింది ఒక్క జత, అదీ ఇసుకబండికి కట్టేది. చివరికి రామసుబ్బన్న ట్రాక్టరే వచ్చింది. రామసుబ్బన్న తాతలనాటి నుంచి సేద్యం చేసే మనిషి. మిరప, వరి వేస్తాడు, కొడుకు చక్రధర్ పేరు మీద రెండు లారీలు కూడా తిప్పుతాడు. గట్టు మీద నిలబడి నాన్న విత్తనం చూశాడు.

"మాలదండి జొన్ననా? మంచిదే సాలొమోనప్పా. నేనేం వద్దనను, నీ నేల నీ ఇష్టం. కాని మందు కొట్టకుంటే పురుగు నీ చేన్లో టిఫిన్ చేసి నా చేన్లో భోజనానికి వస్తాది. అది చూసుకో."

"నీ మందు గాలికి నా చేన్లోకి రాకుండా నువ్వు చూసుకో రామసుబ్బన్నా," అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వుకున్నారు. రామసుబ్బన్న ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. గాలి మా వైపు వీచే రోజు మందు కొట్టించలేదు.

చేను చుట్టూ నాన్న కుసుమ సాళ్ళు వేశాడు. ముళ్ళచెట్టు కాబట్టి పశువులు రావు. కలుపు తీయడానికి ఉచ్చెంగమ్మ వచ్చింది. పక్కవీధిలో ఉంటుంది, నలభై ఏళ్ళ మనిషి, చేతివేగం చూడాల్సిందే. నాన్న ఆమెకు పాత పద్ధతి చెప్పాడు.

"కూలి గింజల్లో ఇస్తా ఉచ్చెంగమ్మా, కోత అయినాంక. మా అమ్మ కాలంలో అట్లే ఇస్తాండ్రి. మందు లేని జొన్న."

ఉచ్చెంగమ్మ నడుం నిలబెట్టి నవ్వింది. "గింజలు తీస్కపోతే ఫోనుకు కరెన్సీ వేస్తారా అన్నా? బియ్యం రేషన్లో వస్తాది. ఇంటికి పోయి రొట్టె తట్టేకి నాకు తీరిక యాడిది? పాపకు హాస్టల్ ఫీజు కట్టల్ల. దుడ్డే ఇయ్యి. మందు లేనివి మీరు తినండి."

ఆమె ఎగతాళి చేయలేదు. ఉన్న సంగతి చెప్పింది. నాన్న ఆ సాయంత్రమే కూలి ఇచ్చేశాడు. ఆర్గానిక్ అంగడి అద్దాల తలుపు ముందు తాను నిలబడినట్టే, తన చేను గట్టు మీద ఉచ్చెంగమ్మ నిలబడిందని తర్వాత నాతో అన్నాడు. "ఏం చేస్తే సరి పాపా?" అని అడిగాడు.

డిసెంబరులో ఆకుకు బంక పట్టింది. ఆకు వెనక సన్నటి పేను, ఆకంతా జిగట. రామసుబ్బన్న ఒక డబ్బా పేరు చెప్పి, ఒక్క పిచికారీ చాలన్నాడు. నాన్న రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తర్వాత వేపగింజలు సంపాదించి దంచడం మొదలుపెట్టాడు. అమ్మ రోకలి తీసుకుంది.

"నువ్వు చెయ్యి పెట్టనంటివి," అన్నాడు నాన్న.

"రొట్టెకు రానంటి. చేనికి రానన్లేదు."

ఇద్దరూ వారం రోజులు ఆ చేదు కషాయం పిచికారీ చేశారు. ఆ వాసన వాళ్ళ బట్టలకు, జుట్టుకు పట్టుకుంది. ఆ ఆదివారం చర్చిలో అటు నాన్న పక్కనా ఇటు అమ్మ పక్కనా చోటు ఖాళీగానే ఉంది. చేను సగం నిలబడింది.

జనవరిలో ఒక మధ్యాహ్నం నన్ను రమ్మన్నారు. పాలు గట్టిపడిన పచ్చి వెన్నులు కోసి, పిడకల నిప్పుల మీద కాల్చి, అరచేతుల మధ్య నలిపి, పొట్టు ఊది పెట్టాడు నాన్న. ఊసబియ్యం అంటాం మేం. ఆకుపచ్చ గింజలు, వేడివేడిగా, తియ్యగా, కొంచెం పొగ వాసనతో. అమ్మ ఒక గుప్పెడు నోట్లో వేసుకొని చాలాసేపు నమిలింది.

"మా నాయన కోటు జేబులో బెల్లంగడ్డ పెట్టుకోని వస్తాండె," అంది.

మా అమ్మవాళ్ళ నాన్న సిరుగుప్పలో మిషన్ బడి మాస్టరు. శనివారం బడి వదిలాక కూతుర్ని సైకిలు ముందు కమ్మీ మీద కూర్చోబెట్టుకొని, తన దగ్గర చదువుకున్న వాళ్ళ చేనికి తీసుకుపోయేవాడట. ఊసబియ్యం తినిపించి, జేబులోంచి బెల్లం తీసి పళ్ళతో కొరికి సగం ఇచ్చేవాడట. ముప్పై ఏళ్ళలో అమ్మ ఈ మాట ఎప్పుడూ చెప్పగా వినలేదు నేను. నాన్న కూడా వినలేదని ఆయన ముఖమే చెబుతోంది. ఇంకో వెన్ను నిప్పుల మీద పెట్టాడు. అమ్మ అరచేతులు పచ్చగా అయ్యాయి. ఆమె వాటిని కడుక్కోలేదు. పొద్దు వాలేదాకా అట్లే కూర్చున్నాం.

ఫిబ్రవరిలో కోత. ఆరు మూటలు అనుకుంటే మూడున్నర వచ్చాయి. నాన్న పెద్దగా బాధపడలేదు. తెల్లటి గుండ్రటి గింజ, నిజంగా ముత్యాల్లాగానే ఉంది. కోత తర్వాత చేన్లో తిరుగుతుంటే ఎడమకాలికి జొన్న కొయ్య గుచ్చుకుంది. కోసిన జొన్నదంటు మొదలు కత్తిలాగా ఉంటుంది. ఆయన పసుపు అద్ది ఊరుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకు అమ్మ ఫోన్ చేసింది. "పాపా, నువ్వు సూది, గొట్టాలు పట్టుకోని రా," అంది.

కిటికీ గొళ్ళెం బిగించడానికి స్క్రూడ్రైవర్ కోసం తాను పానాల పెట్టె తెరిస్తే, అడుగున షుగరు మాత్రల అట్టలు కనిపించాయట. ఒక్కటీ విప్పలేదు. నాలుగు నెలల మాత్రలు.

నేను పోయి రక్తం తీశాను. వేలికొన గుచ్చి తీసే చుక్క కాదు, రెండు గొట్టాల రక్తం. ఎందరికో ఒక్క పోటుతోనే తీస్తాను. ఆ రోజు రెండుసార్లు గుచ్చాల్సి వచ్చింది. నాన్న తల పక్కకు తిప్పుకొని కూర్చున్నాడు. కాలివేలు నల్లబడి ఉంది. రక్తం బళ్ళారికి తెచ్చి మిషన్లో పెడితే, పరగడుపు షుగరు మూడువందల పైన.

ఫలితం ఫోన్లో చెప్పకుండా మళ్ళీ ఊరికి పోయాను. నాన్న అప్పటికే వాదనకు సిద్ధంగా ఉన్నాడు.

"జొన్నరొట్టె తింటాండా, నడుస్తాండా, చేన్లో పని చేస్తాండా. ఇంక మాత్ర దేనికి? మా నాయన ఎప్పుడన్నా మాత్ర మింగినాడా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. "మీ నాయన యాభై రెండుకే పోయినాడు," అంది.

తాత మంచి తిండి తిన్నాడు, మంచి గాలి పీల్చాడు, కాలికి పుండు పడి, జ్వరం వచ్చి, పేరు తెలియని జబ్బుతో పోయాడు. ఆ జబ్బు పేరు నాకిప్పుడు తెలుసు. నాన్నకూ ఆ క్షణంలో తెలిసిందనుకుంటా. లేచి చొక్కా వేసుకున్నాడు. "పద పాపా," అన్నాడు.

బళ్ళారి ఆసుపత్రిలో పన్నెండు రోజులు. ఎడమకాలి చిటికెనవేలు తీసేశారు. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ ఇన్సులిన్ ఇచ్చి, ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని చెప్పింది. నాన్న నావైపు, అమ్మవైపు చూశాడు.

"కొత్తకుండలో తడి ఇసుక వేసి, దాంట్లో పెట్టుకుంటే చల్లగానే ఉంటాది కదా మేడం?"

"ఫ్రిజ్ కొనలేనివాళ్ళకు నేనే అట్లా చెప్తానప్పా," అంది ఆమె. "మీరు కొనలేరా?"

నాన్న తల దించుకున్నాడు. ఆసుపత్రి నుంచి నేరుగా రాయల్ సర్కిల్ దగ్గర ఒక షోరూముకు పోయాం. కట్టుకట్టిన కాలితో ఆయన ఒక స్టూలు మీద కూర్చున్నాడు. "జయా, ఏది కావల్లో నువ్వు చూడు. రంగు కూడా," అన్నాడు. అమ్మ గంటసేపు ఒక్కో తలుపూ తెరిచి మూసి చూసింది. ఏదో పండక్కి చీర కొంటున్నట్టు చూసింది. ముదురు నీలం రంగుది తీసుకుంది.

తర్వాత వాళ్ళ బతుకు ఎట్లా కుదురుకుందంటే, పూర్తిగా ఎవరి పక్షానా కుదరలేదు. ఎకరం రామసుబ్బన్నకే తిరిగి కౌలుకు ఇచ్చారు. మిగిలిన అర ఎకరంలో నాన్న జొన్న, అంచున కుసుమ వేస్తాడు, మందు కొట్టడు. బియ్యం, సబ్బులు, చక్కెర అంగడివే. అన్నం గ్యాస్ మీద, రొట్టె కట్టెపొయ్యి మీద. అమ్మ మిక్సీ కొనుక్కుంది, గురెళ్ళ కారం మాత్రం రోట్లో దంచితేనే బాగుంటుందని తానే ఒప్పుకుంటుంది. పొద్దున ఏడింటికి నాన్న ఫ్రిజ్ తెరిచి, ఇన్సులిన్ తీసి, పొట్ట మీద సూది వేసుకొని నాకు ఒక మెసేజ్ పెడతాడు. నేను ఏమీ అడగను.

ఈ మార్చిలో మా దేశనూరు చర్చిలో కోత పండుగ జరిగింది. పంట ఇంటికి చేరాక ఎవరికి కలిగింది వాళ్ళు దేవునికి తెస్తారు. ఆరాధన అయ్యాక వాటిని బయట వేలం వేస్తారు. వచ్చిన డబ్బు చర్చికి. గుమ్మడికాయలు, వడ్ల మూటలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఒకరు తెచ్చిన ఇరవై గుడ్లు. ఈసారి అర ఎకరంలో పంట బాగా వచ్చింది. నాన్న పది శేర్ల జొన్నలు కొత్త సంచీలో పోసి, మూతి తానే కుట్టి పెట్టాడు.

సంఘపెద్ద నెహెమ్యా వేలం నడిపిస్తున్నాడు. నాన్న సంచీ ఎత్తి, "మందు లేని జొన్న, మన సాలొమోనన్న చేతి పంట," అన్నాడు. నూటయాభై దగ్గర మొదలైంది. తోరణగల్లు స్టీల్ ప్లాంటులో పనిచేసే స్టీవెన్ పండక్కి వచ్చి ఉన్నాడు, మాకు దూరపు చుట్టం. మందు లేని జొన్న అనగానే ఐదువందలకు పోయాడు. అందరూ ఆగిపోయారు.

"ఆరువందలు," అంది ఒక గొంతు ఆడవాళ్ళ వైపు నుంచి.

తిరిగి చూస్తే అమ్మ. కొంగు తల మీద సర్దుకొని, చెయ్యి ఎత్తి కూర్చుంది.

నెహెమ్యా తడబడ్డాడు. "అక్కా, ఇవి మీ జొన్నలే కదా?"

"తెలుసులేప్పా. నువ్వు వేలం నడుపు."

అందరూ గొల్లుమన్నారు. స్టీవెన్ ఏడువందలన్నాడు. అమ్మ ఎనిమిది. స్టీవెన్ తొమ్మిది. అమ్మ వెయ్యి అంది, అన్నాక అతని వైపు ఒక చూపు చూసింది. స్టీవెన్ రెండు చేతులూ జోడించి కూర్చున్నాడు. మగవాళ్ళ వరసలో నాన్న నేలవైపు చూస్తున్నాడు. ఆయన చెవులు ఎర్రబడటం నేను అంత దూరం నుంచే చూశాను.

చర్చి గేటు దాటాక నాన్న సంచీ భుజాన వేసుకొని అడిగాడు. "మన జొన్నలు మనమే కొంటిమి గదా జయా. ఊరంతా నవ్వె."

"మనవి యాడివి? నువ్వు దేవునికి ఇచ్చేసినావు. ఇప్పుడు ఇవి నావి."

"స్టీవెన్ తీస్కపోతాండె, వానికీ ఆశ ఉండె పాపం."

"వాడు తీస్కపోయి ఏం చేస్తాడు? ఏ డబ్బాలోనో పెట్టి మర్చిపోతాడు, పురుగు పడతాది. వానింట్లో తట్టేవాళ్ళు యాడుండారు?"

ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. వేలు తీసినప్పటి నుంచి నాన్న ఎడమకాలు కొంచెం ఈడ్చి నడుస్తాడు. బరువుతో ఇంకా నెమ్మదించాడు. అమ్మ ముందుకు నడుస్తున్నదల్లా ఆగి, బైబిలు నా చేతికిచ్చి, సంచీ ఒక కొస పట్టుకుంది. ఇద్దరూ దాన్ని చెరోవైపు మోసుకుంటూ, నీడ ఉన్న గోడల వెంబడి ఇంటికి నడిచారు.